నాన్నగారికి, బ్రిస్బేన్ నుంచి

నాన్నగారికీ, అమ్మకీ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలు మారాయి, ఎక్కువగా నైట్లు పడుతున్నాయి. అంతకు మించి పని గురించి చెప్పడానికేమీ లేదు. మొహం పీక్కుపోయిందని అమ్మ టెన్షన్ పడుతోందట. వీడియోలో ఆ లైటు కింద ఎవరైనా అలాగే కనిపిస్తారు. రెండు పూటలా తింటున్నాను.

పైగా గోంగూర దొరికింది! ఇక్కడ వాళ్ళు గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రటి రెక్కలతో జామ్ చేసుకుంటారు, ఆకు మాత్రం ముట్టుకోరు. పక్కవీధి మామ్మగారిని అడిగితే సంచీ నిండా కోసుకోమంది. పచ్చడి నూరి ఆవిడకీ కాస్త ఇచ్చాను. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ వేయమంది. అమ్మకి చెప్పండి, ఎండుమిరపకాయలు తగ్గించే వేశాను.

అన్నయ్య సంగతి. మాజీ సైనికుల కోటాలో భూమికి అర్జీ పెడతానంటున్నాడని, నేను చెబితే మానేస్తాడని మీరన్నారు. నేను చెబితే వాడు మానడు. అదీగాక, నేను వద్దనడం లేదు.

మా ఇంటి దగ్గర మాంటెగ్యూ రోడ్డులో బిల్లీ సింగ్ అనే సిపాయి చనిపోయిన చోట ఒక ఫలకం ఉంది. సింగ్ అంటే మీరు సర్దార్జీ అనుకుంటారు, కాదు. తండ్రి చైనా నుంచి వచ్చినవాడు, తల్లి ఇంగ్లండ్ ఆవిడ. ఈ క్వీన్స్‌లాండ్‌లోనే క్లెర్మాంట్‌లో 1886లో పుట్టాడు. తెల్లవాళ్ళు కానివాళ్ళని అప్పట్లో సైన్యంలోకి మామూలుగా తీసుకునేవారు కాదు. ఇతని గురి ముందే పేరుపడ్డది, 1914లో తీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అది. మరుసటి ఏడు టర్కీలోని గలిపోలిలో స్నైపర్, అంటే దాక్కుని దూరం నుంచి గురిచూసి కాల్చేవాడు. పడగొట్టినవాళ్ళు నూట యాభై అని ఒక లెక్క, రెండొందల పైనే అని ఇంకో లెక్క. ఆ లెక్కలు చదవడం నాకు నచ్చలేదు, పోయినవాళ్ళూ ఎవరో ఒకరి పిల్లలే కదా. పతకాలొచ్చాయి, గాయాలూ అయ్యాయి, ఫ్రాన్స్‌లో విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి.

తిరిగొచ్చాక సిపాయిలకిచ్చే భూమి ఇతనికీ ఇచ్చారు. గొర్రెలు పెంచాడు. నేల పనికిరానిది, నిలదొక్కుకోలేక వదిలేసి బంగారం గనుల వెంట తిరిగాడు. 1943లో ఇక్కడి అద్దె గదిలో ఒంటరిగా పోయాడు. గదిలో దొరికింది ఐదు షిల్లింగులు. పెళ్ళి ఎడిన్‌బరోలో చేసుకున్నాడు గానీ చివర్లో పక్కన ఎవరూ లేరు.

ఇతనొక్కడే కాదు. భూములు తీసుకున్న సిపాయిలు వేలమంది చితికిపోతే 1929లో జస్టిస్ పైక్ అనే జడ్జి విచారించి కారణాలు రాశాడు: చేతిలో పెట్టుబడి లేదు, ఇచ్చిన నేల చెక్క సంసారానికి చాలదు, కొందరికి సేద్యం రాదు, పంట ధర పడిపోయింది. మన పెదబాబాయి చెప్పినట్టే ఉంది కదూ!

అన్నయ్యకి పెన్షన్ ఉంది, వదిన ఉంది, మీరున్నారు. దూరాన కూర్చుని సలహాలిస్తున్నానని వాడు అంటాడు, అననివ్వండి. పట్టా చేతికొచ్చిందన్న సంబరంలో ముళ్ళకంచె వేయించేయొద్దని మాత్రం చెప్పండి. ముందు మట్టి పరీక్ష చేయించాలి. పక్క రైతుల బోర్లలో ఎండాకాలం నీళ్ళు ఎంత లోతున ఉంటున్నాయో అడగాలి. దారి ఉందో లేదో చూడాలి, రాళ్ళగుట్ట మీద ఇచ్చి పొలం అన్నా అంటారు. నీళ్ళు పడే నేల అయితే బోరు ఖర్చు నాది. అప్పు చేయొద్దు, వదిన గాజుల జోలికి అసలే వెళ్ళొద్దు.

మీరు వాడితో మాట్లాడకుండా ఉండటం మానండి నాన్నగారూ. ఇన్నేళ్ళు సరిహద్దులో ఉండి వచ్చినవాడు ఇంట్లో మీ మొహం చూసి బయటే తిరుగుతున్నాడని వదిన చెప్పింది. వదిన చెప్పిందని అనకండి.

మీ కంటి ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే రాయండి. నెల ముందు తెలిస్తే సెలవు దొరుకుతుంది, టికెట్టూ కాస్త తక్కువలో వస్తుంది.

మీ చిన్ని