జీపు ఆగితే ముందు ఇంజనే ఎందుకు విప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో బొర్రా నుంచి కటికి జలపాతానికి టూరిస్టుల్ని తీసుకెళ్లే జీపుల మీద రాశారు, అవి దారిలో ఆగిపోతున్నాయి, ఇంజన్లు పాతబడిపోవడమే కారణం అని. నేను శృంగవరపుకోటలో ఉంటాను, నాకూ ఓ జీపు ఉంది, సొంతానికే తిప్పుతాను, ఆ రాళ్ల దారి సంగతి బాగానే తెలుసు. ఇంజన్లు పాతవే, కాదనను. కానీ ఆగిన ప్రతి బండికీ ఇంజన్ మీదే తప్పు తోసేస్తే నాలాంటి వాళ్ల జేబులు ఖాళీ అవుతాయి, అందుకే ఈ ఉత్తరం.

నాది మహీంద్రా డీఐ ఇంజన్, 2,523 సీసీ, టర్బో లేదు సెన్సర్ లేదు, గాలీ డీజిలూ సరిగ్గా అందితే చాలు తిరుగుతూనే ఉంటుంది. నేను కొనేసరికే పాత ఓనరు దాని అవతారం మార్చేశాడు. పెద్ద టైర్లు, ముందు ఇనప బంపరు, పైన లైట్ల బారు, డ్రైవర్ సీటు కింద ఉండాల్సిన ట్యాంకు పీకేసి వెనకాల అంతకన్నా పెద్దది. చూడగానే నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు, ట్యాంకు నుంచి పైపు ఎటుగా వచ్చిందో వంగి చూసిన పాపాన పోలేదు.

మా శృంగవరపుకోట నుంచి విజయనగరం వెళ్లొస్తే ఏ గొడవా లేదు. అనంతగిరి ఘాట్ ఎక్కితే మాత్రం కాసేపటికే పికప్ తగ్గిపోయి, ఎంత తొక్కినా దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయేది. బానెట్ ఎత్తి, ఫీడ్ పంపుకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ఉన్న లివరు చేత్తో ఓ ముప్పై సార్లు కొట్టి, డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేస్తే బుసబుసమని నురగ వచ్చేది, నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చాక బిగిస్తే మళ్లీ స్టార్ట్. మళ్లీ నాలుగు మలుపులు, మళ్లీ అదే తంతు. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే ఇంట్లో వాళ్ల ముందు నా పరువు ఏమైందో మీరే ఊహించుకోండి.

మొదటి షెడ్డులో నాజిళ్లకి డీజిల్ తోసే పెద్ద పంపు వీక్ అన్నారు, విప్పి సెట్టింగ్ చేయించి 12,000 తీసుకున్నారు. రెండో షెడ్డులో ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు పోయాయన్నారు, అదో 6,000. మూడో ఆయన ఇంకా నయం, బండి స్టార్ట్ కూడా చెయ్యకుండానే కంప్రెషన్ పోయింది (ఇంజన్ లోపల గాలి నొక్కుకునే బలం), హెడ్డు దింపుదాం, పిస్టన్ రింగులు మారుద్దాం, 45,000 అవుద్ది అన్నాడు. కంప్రెషన్ పోతే చల్లగా ఉన్నప్పుడు అన్నిచోట్లా ఇబ్బంది పెట్టాలి కదా, విజయనగరం రోడ్డు మీద అంత బాగా ఎలా లాగుతోందండీ అంటే, మీకు తెలిస్తే మీరే చేసుకోండి అన్నాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా బండి ఎక్కడ ఆగుతోంది, ఎప్పుడు ఆగుతోంది అని అడగలేదు. నాకు బాధ డబ్బు కన్నా అదే.

చేసుకోమన్నాడు కదా అని చేసుకున్నాను. మా ఇంటి ముందు కొంచెం ఏటవాలు. రాత్రి ముక్కు పైకి పెట్టి ఆపితే తెల్లారి సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయేది, ముక్కు కిందకి పెట్టి ఆపితే ఒక్క సెల్ఫుకే అందుకునేది. ఓ వారం అలా మార్చి మార్చి పెట్టి చూశాను, ప్రతిసారీ అంతే. అంటే రాత్రంతా పైపులో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది, జారాలంటే ఎక్కడో గాలి దూరాలి. ఇంకోటి కూడా గమనించాను, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి పొగ అసలు వచ్చేది కాదు. తెల్లపొగ వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ వెళ్తోంది కానీ మండట్లేదని అర్థం, పొగే లేదంటే డీజిల్ నాజిల్ దాకా వెళ్లనే లేదు.

తర్వాత అయిదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి బానెట్ పక్కన గట్టిగా కట్టి (సైలెన్సర్ వేడి తగలకుండా, ఇది మర్చిపోవద్దు) ట్యాంకు పైపు తప్పించి డబ్బా నుంచే నేరుగా ఫీడ్ పంపుకి ఇచ్చాను. ఘాట్ మొత్తం ఎక్కింది, ఎక్కడా ఆగలేదు. పెద్ద పంపు, నాజిళ్లు, రింగులు అన్నీ ఆ ఒక్క ట్రిప్పుతో నిర్దోషులైపోయాయి, తప్పు ఫీడ్ పంపుకి వెనకే ఉంది.

మా వీధిలో ఇల్లు కడుతున్న తాపీమేస్త్రి దగ్గర లెవల్ చూసుకునే ప్లాస్టిక్ పైపు ఉంటుంది కదా, లోపల నీళ్లు కనబడేది, దాంట్లో మూరెడు ముక్క అడిగి ఫీడ్ పంపుకి ముందు లైన్లో పెట్టాను. స్టార్ట్ చేస్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలు! వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే రబ్బరు పైపు ఛాసిస్ అంచుకి రాసుకుని రాసుకుని వెంట్రుకంత చీలింది. డీజిల్ చుక్క కూడా కారలేదు, అందుకే ఎవరికీ కనబడలేదు. అది పంపు లాక్కునే వైపు పైపు, చీలిక దగ్గర డీజిల్ బయటికి రాదు గాలే లోపలికి పోతుంది, చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరిబొండం తాగినట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనకున్న ట్యాంకు పంపు కన్నా ఇంకా కిందకి పోతుంది, లాగడం కష్టమై గాలి ఎక్కువ పడుతుంది. కంపెనీ పెట్టిన చోటే ట్యాంకు ఉండి ఉంటే ఆ పైపు అంత పొడుగూ ఉండేది కాదు, ఛాసిస్‌కి రాసుకునేదీ కాదు. కొత్త పైపు, క్లిప్పులు కలిపి 600 అయింది.

మార్చిన బండ్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. ముందు బంపరు, లైట్లు రేడియేటర్‌కి గాలి అడ్డుకుంటే బండి హీటెక్కుతుంది, షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ పోయిందంటారు. పెద్ద టైర్లు వేస్తే గేర్లు బరువై పికప్ చచ్చిపోతుంది, పంపు పోయిందంటారు. స్నార్కెల్ (ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం) జాయింటు సరిగ్గా అతకకపోతే దుమ్ము నేరుగా ఇంజన్ సిలిండర్లోకి పోతుంది, ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే మట్టి అంటుతుందా లేదా తెలిసిపోతుంది. ఇలా అరిగితే మాత్రం నిజంగానే రింగులు పోతాయి, అప్పుడు మూడో షెడ్డాయన చెప్పింది కరెక్టే అవుతుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే కొత్త బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కి ఇంకో కొన ఇంజన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి, అర వోల్టు దాటితే ఎర్త్ కేబులు చూసుకోవాలి. 2010లో వచ్చిన మహీంద్రా థార్ సీఆర్‌డీఈలో (సెన్సర్లతో నడిచే డీజిల్ ఇంజన్) తప్పు చదివే స్కానర్ పెడితే రైల్ ప్రెషర్, అంటే నాజిళ్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి, తక్కువ అని కోడ్ చూపిస్తుంది, చాలామంది ఖరీదైన పంపు మార్చేస్తారు, తీరా చూస్తే అక్కడా వెనక పైపులో గాలే కావచ్చు. వాగులో దిగినప్పుడు నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాకా వెళ్లి ఇంజన్ ఆగిందంటే మాత్రం సెల్ఫ్ ముట్టుకోవద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, నాజిళ్లు తీసి చేత్తో తిప్పి ముందు నీళ్లు పోగొట్టాలి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 ఫైను, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇది రాస్తున్న నేనూ తప్పులోనే ఉన్నాను. లైట్ల బారు తీసేశాను, ట్యాంకు ఇంకా వెనకే ఉంది, ఈ ఎండాకాలంలో మళ్లీ సీటు కిందకి పెట్టిస్తాను.

మీరు వారం వారం కొత్త కార్ల ధరలు, మైలేజీలు వేస్తారు, బాగుంది. నెలకోసారైనా పాత బండ్ల రిపేర్ల మీద అర పేజీ ఇవ్వండి, అనుభవం ఉన్న మెకానిక్‌లతో రాయించండి. మా తాపీమేస్త్రి పైపు ముక్క వెనక్కి అడిగాడు, చూస్తే ఒకటే డీజిల్ కంపు, ఇక దాంతో లెవల్ చూడలేనన్నాడు. పది మీటర్ల కొత్త పైపు కొనిచ్చాను, ఆ ముక్క ఇప్పుడు నా జీపు టూల్ బాక్సులో ఉంటుంది.

ఇట్లు,
ఒక జీపు ఓనరు, శృంగవరపుకోట