పాపా, 'కెరోల్' చూశాం

పాపా,

నువ్వు చూడమన్న 'కెరోల్' సినిమా ఆదివారం రాత్రి చూశాం. మీ నాయన సగం దాకా సెల్లు పట్టుకునే కూర్చున్నాడు గానీ, లాయర్ల గదిలో సీను వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టేశాడు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో 'టెన్షన్ పడకమ్మా' అంటూ అడ్డం వస్తావు, నేను చెప్పాలనుకున్నది చెప్పలేను, అందుకే రాస్తున్నా.

1952లో న్యూయార్క్, క్రిస్మస్ రోజులు. థెరీస్ ఒక పెద్ద అంగట్లో బొమ్మల కౌంటర్ దగ్గర పనిచేస్తుంటుంది. గాంధీరోడ్డులో చీరల కొట్లో అన్నేళ్ళు కౌంటర్ వెనక నిలబడినదాన్ని కదా, ఆ పిల్ల నాకు వెంటనే అర్థమైంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎందరో, ఎవరి మొహమూ గుర్తుండదు, ఎవరో ఒకరు మాత్రం వెళ్ళిపోయినా మన చూపు వాళ్ళ వెంటే పోతుంది. కెరోల్ కూతురికని బొమ్మ కొనడానికి వచ్చి, ఈ పిల్ల మాట విని రైలు సెట్టు కొని, గ్లౌజులు కౌంటర్ మీద మర్చిపోయి పోతుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ అక్కడ మొదలు. థెరీస్ భుజం మీద కెరోల్ చెయ్యి వేసే సీను మొదట్లో చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు, చివర్లో అదే మళ్ళీ వస్తే ఏడుపు ఆగలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం వాళ్ళ ప్రేమ కాదు, కెరోల్ అత్తగారింట్లో భోజనాల సీను. కోడలు ఎదురుగానే కూర్చుని ఉంటే, ఆమెకేదో రోగమొచ్చినట్టు, వైద్యం చేస్తున్న డాక్టర్ గురించి మాట్లాడుకుంటారు. మొగుడేమో డిటెక్టివ్‌ని పెట్టి హోటల్ గదిలో మాటలు రికార్డు చేయించి, ఇట్లాంటి ఆడదానికి బిడ్డని ఇవ్వకూడదంటాడు. లాయర్ల ముందు ఆమె బిడ్డని వదులుకుంటుంది పాపా, అప్పుడప్పుడూ చూడనిస్తే చాలంటుంది, కానీ థెరీస్ మీద ప్రేమ లేదని మాత్రం అనదు. తన తీరుకి అడ్డం తిరిగి బతికితే బిడ్డకి కూడా పనికిరానని చెబుతుంది. నేనూ తల్లినే, ఆ మాట నాకు బాగా తగిలింది. ఎవరి ముందూ నీకు అట్లా నిలబడి వదులుకోవాల్సిన గతి పట్టకూడదు. మన ఇంట్లో భోజనాల దగ్గర నీ సంబంధాల మాట ఇక రాదు. అవ్వకీ అత్తలకీ ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నాకు వదిలెయ్, వాళ్ళ మాటలు నీదాకా రానివ్వను.

ఈ కథ రాసిన పెట్రీషియా హైస్మిత్ 1952లో పుస్తకం మీద తన పేరు వేసుకోలేదంట, క్లేర్ మోర్గన్ అని పెట్టింది. సొంత పేరు వేసుకున్నది 1990లో. తన పుస్తకం తనదేనని చెప్పుకోవడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. నువ్వు ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నావని మాకు చెప్పావు, అందుకు నాకు గర్వంగా ఉంది.

ఇక అసలు పని. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇట్లాంటి ప్రేమ నేరం కాదని తేల్చింది, 2023 అక్టోబర్‌లో పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ కాగితం లేనప్పుడు మిగతా కాగితాలు గట్టిగా ఉండాలి. జాయింట్ ఖాతా తెరవడానికీ, కలిసి ఉండే మనిషిని నామినీగా పెట్టుకోవడానికీ మీలాంటి వాళ్ళకి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. బ్యాంకులో ఎవరైనా నసిగితే అది చూపించు. ఇద్దరూ వీలునామాలు కూడా రాసుకోండి, ఈ వయసులో ఎందుకని అనుకోకండి. రేపు ఆస్పత్రిలోనో ఇంటి విషయంలోనో ఎవరో వచ్చి 'నువ్వెవరు' అని ఆ అమ్మాయిని అడిగితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నీ పాలసీలో నామినీగా నా పేరుంది కదా, తీసేసి ఆమె పేరు పెట్టు, నేనేమీ అనుకోను.

సంక్రాంతికి నారాయణాద్రిలో ఇద్దరికీ టికెట్లు తియ్యి, ఆలస్యం చేస్తే దొరకవు. తను కారం తింటుందో లేదో చెప్పు, మీ నాయన అప్పుడే నాటుకోడి గురించి మాట్లాడుతున్నాడు. కొండకి పోదామంటే మూడొందల దర్శనానికి ముందే బుక్ చెయ్యాలి, తన ఆధార్ వివరాలు ఈ వారంలో పంపమను. నలుగురికీ ఒకే టైం స్లాటు పెట్టిస్తా.

అమ్మ