వాణీ, ముందు నా నుదురు సంగతి విను

తణుకు,
ఆదివారం మధ్యాహ్నం

ఏమే వాణీ,

నా మీద పీకలదాకా కోపంతో ఉండుంటావు. నీ ఉత్తరాలు అందాయి. ఫోన్ చేసినప్పుడల్లా "తర్వాత మాట్లాడతానే" అని పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను, మొత్తం చదివాక తిట్టు. ఇంట్లో అంతా క్షేమం, పెద్దాడికి కాలేజీలో సీటొచ్చింది, వంటింటి గచ్చు మార్పించాం. ఆ కబుర్లన్నీ మళ్లీ రాస్తాను.

నాకు మూతి పక్కకు పోయిందే. కంగారు పడకు, ఇప్పుడు చాలా నయం. కానీ ఇది నీకు తప్ప ఇంకెవరికీ ఇంత వివరంగా చెప్పుకోలేను.

ముందురోజు రాత్రి ఎడమ చెవి వెనకాల, ఎముక దగ్గర ఒకటే సలుపు. అమృతాంజనం రాసుకుని పడుకున్నాను. తెల్లారి పళ్లు తోముకుని పుక్కిలిద్దామంటే నోట్లో నీళ్లు నిలవలేదు, ఎడమ మూల నుంచి జర్రున కారిపోయాయి. అద్దంలో చూస్తే కుడివైపు మాత్రమే నేను. ఎడమ చెంప జారిపోయి ఉంది, రెప్ప మూద్దామంటే పడదు, కింద తెల్లగుడ్డు కనపడుతోంది. బుగ్గంతా పళ్ల డాక్టరు మత్తు సూది ఇచ్చినట్టు మొద్దుబారింది. మా ఆయన్ని పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. అప్పుడు పట్టుకుంది చూడు వణుకు! మా నాన్న ఎలా పోయారో నీకు తెలుసు కదా, ఆ రాత్రి నువ్వు నా పక్కనే ఉన్నావు. ఇక దాని గురించి వద్దులే.

పక్కింటి పిన్నిగారు రానే వచ్చారు. "పక్షవాతమే అమ్మాయ్, పసరు పోసేవాళ్లు నాకు తెలుసు, పావురం రక్తం రాస్తే లాగేస్తుంది" అన్నారు. పాపం, ఆవిడది నిజమైన ఆదుర్దా. మా అత్తగారు మాత్రం మడిచీర మార్చుకోకుండానే బయటికొచ్చి, "మా తమ్ముణ్ణి ఇలాగే పసర్లంటూ తిప్పాం, వాడి చెయ్యి ఇప్పటికీ లేవదు. ముందు ఆటో పిలవరా" అని మా ఆయన్ని కేకేశారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటానే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, మన సుజాత కూతురంత ఉంటుందేమో, చేతులు చాపమంది, నడవమంది, పేరు చెప్పమంది. తర్వాత "కనుబొమలు రెండూ పైకెత్తండమ్మా" అంది. ఎత్తాను. కుడివైపు నుదుటి మీద ముడతలు పడ్డాయి, ఎడమవైపు నున్నగా ఉండిపోయింది. ఒక్క గీత లేదు. నా గుండె జారిపోయింది. ఆవిడ మొహం మాత్రం తేటపడింది! నుదురు కూడా కదలకపోవడం ఇక్కడ మంచి కబురట. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయట. మెదడులో దెబ్బ తగిలితే మామూలుగా మూతి వంకర పోయినా నుదురు ముడత పడుతుంది. నుదురు, కన్ను, మూతి మూడూ ఒకే పక్క పడిపోయాయంటే తేడా మెదడులో కాదు, మొహానికి వచ్చే నరంలో అయి ఉంటుంది. చేతులు, కాళ్లు కూడా సరిగ్గా ఉన్నాయి కనక ఆవిడకి ధైర్యం వచ్చింది.

దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. 1821లోనే ఈ నరం గురించి రాసిన చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ సర్జన్ పేరు పెట్టారు. మొహాన్ని కదిలించే ఆ నరాన్నే ఏడో కపాల నరం అంటారు, అది చెవి వెనకాల ఎముకలో సన్నటి దారి గుండా వస్తుంది. అది వాచిందంటే ఆ ఇరుకులో నలిగిపోతుంది. ఎందుకు వాచింది అంటే గట్టిగా చెప్పలేరు, వైరస్ అని ఎక్కువ అనుమానం. షుగరున్న వాళ్లకీ, నెలలు నిండుతున్న గర్భిణులకీ కాస్త ఎక్కువగా వస్తుందట. చెవి దగ్గర పొక్కులున్నాయా అని కూడా వెతికింది, ఉంటే అది వేరే జబ్బు, మందూ వేరే. దూదితో చెంప తాకితే స్పర్శ తెలుస్తూనే ఉంది. మొద్దుబారినట్టు అనిపించడం వేరు, నిజంగా స్పర్శ పోవడం వేరు అంది.

షుగర్ చూసి స్టెరాయిడ్ మాత్రలు రాసింది. 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయట. 2007లో స్కాట్లండ్‌లో చేసిన పరిశీలనలో, అవి వేసుకున్న వాళ్లలో తొమ్మిది నెలలకి నూటికి 94 మంది పూర్తిగా కోలుకున్నారట, వేసుకోని వాళ్లలో 82 మంది. అందుకే ఆ పసర్ల దగ్గర తిరిగి ఉంటే అని తలుచుకుంటే... సరే.

కన్నుతోనే అసలు యాతన. రెప్ప పడక ఎండిపోయి గుడ్డు మీద పుండు పడొచ్చని పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి టేపు అంటించుకోవడం. మా ఆయన రోజూ వేలితో రెప్ప మెల్లగా దించి అంటించేవారు. ఎడమ చెవిలో స్టీలు గిన్నె చప్పుడైతే తల పగిలినంత పని. నాలుక సగానికి రుచే లేదు, గోంగూర పచ్చడి ఒక పక్క పుల్లగా, ఇంకో పక్క చప్పగా! అన్నానికి కూర్చుని ఏడ్చాను వాణీ.

బడికి వెళ్లాక ఇంకో కష్టం. ఒకటో తరగతికి అప్పుడే పవర్గం వచ్చింది. ప, ఫ, బ, భ, మ! పెదాలు కలిస్తేనే కదా పలికేది. ఎడమ మూల వేలితో నొక్కి పట్టుకుని "ప" అన్నాను. పిల్లలందరూ అదే పద్ధతనుకుని పెదవి మూల వేలు పెట్టుకుని "ప" అన్నారే! ఒక్కడూ నవ్వలేదు. ఓ బుడ్డది దగ్గరికొచ్చి, "టీచర్, ఈ పక్క నిద్రపోతోందా?" అని చెంప నిమిరింది. నీలాటిరేవు దగ్గర నువ్వన్న మాట చటుక్కున గుర్తొచ్చింది. ఏ మాటో నీకు తెలుసు, ఇక్కడ రాయను, ఈయన చదువుతారు.

మొన్న తల దువ్వుకుంటుంటే ఎడమ నుదుటి మీద చిన్న గీత కనపడింది. వయసు గీత చూసి ఇంత సంబరపడ్డ ఆడది ఈ గోదావరి జిల్లాల్లో ఉండదు. అత్తగారిని పిలిచి చూపించాను. ఇప్పుడు రెప్ప దాదాపు మూతపడుతోంది, అద్దం ముందు కూర్చుని వ్యాయామాలు చేస్తున్నాను, ఈల మాత్రం ఇంకా రావట్లేదు. మన హాస్టలు గోడ ఈలే!

అసలు ముఖ్యమైంది, మీ నాన్నగారికి బీపీ కదా. మూతి ఏమాత్రం వంకరగా కనపడినా, మాట తడబడినా, ఒక చెయ్యి జారుతున్నా నుదురు చూసి మనం తేల్చుకోకూడదు, ఆ పని డాక్టరుదే. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అది మెదడుదే అయితే నెత్తురు గడ్డ కరిగించే సూది మామూలుగా అది మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. భిలాయ్‌లో మీ ఇంటికి ఏ ఆసుపత్రి దగ్గరో, అందులో స్కాన్ ఉందో లేదో ఇవాళే కనుక్కో. మీ అన్నయ్యకీ చెప్పు, తను నీలా కాదు, వాయిదా వేస్తాడు.

శారద వాళ్ల స్థలం గొడవ ఏమైందో రాద్దామనుకున్నాను, అది పెద్ద కథ... ఈయన బండి తీశారు, ఊళ్లోకి వెళ్తున్నారు, ఇది ఇప్పుడే డబ్బాలో వెయ్యాలట. ఉంటానే.

నీ
పద్మ