సంతకం పెట్టించే ముందు ఒక మాట

గుంటూరు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాన్నగారి సంవత్సరీకానికి అందరూ కలుస్తారు కాబట్టి ఆ నాలుగు రోజుల్లోనే పంపకాలు కూడా తెముల్చుకుందామని అన్నయ్యా నువ్వూ అనుకున్నారట. అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకున్నట్టు వాళ్ల పేరిట హక్కు విడుదల దస్తావేజు ఒకటి రాసి సిద్ధంగా ఉంచమన్నావు. "మామూలు వ్యవహారమే కదా, రెండు సంతకాలు" అన్నావు. దస్తావేజులు రాయడం నా వృత్తే, పైగా నీకు కాదనడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కటీ మాత్రం సరేనని ఊరుకోలేను. ఫోనులో చెబితే సగంలో తెగిపోయే సంగతి ఇది. అందుకే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు లెక్క చెబుతాను. తాతగారి నాటి నుంచి వస్తున్న ఐదెకరాల్లో నాన్నగారితో పాటు మీ నలుగురిదీ సమాన హక్కు. నాన్నగారి వంతు ఏదైతే ఉందో అందులో అమ్మకూ భాగం ఉంది. నాన్నగారు బడిపంతులుగా జీతం కూడబెట్టి కొన్న స్థలం సంగతి వేరు. వీలునామా లేదు కాబట్టి అది అమ్మకూ మీ నలుగురికీ కలిపి అయిదు సమాన వాటాలు అవుతుంది. "పెద్దక్క పెళ్లి 1982లోనే అయింది, ఆమెకు చట్టం వర్తించదు" అని అన్నయ్య అన్నాడని రాశావు. ఆయన ఊరికే అనలేదు. ఒకప్పుడు అది నిజమే.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినా, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మగపిల్లలకే ఉంచేశారు. దాన్ని మార్చింది మన రాష్ట్రమే. ఎన్టీఆర్ ప్రభుత్వం సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. మన తర్వాతే తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి. నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లకు ఆ హక్కు లేదు. మీ ఇల్లే తీసుకో. 1988లో పెళ్లయిన చెల్లాయికి వాటా ఉంది, ఆమెను చంకనేసుకుని పెంచిన పెద్దక్కకు లేదు! ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. 2005 సెప్టెంబరు 9న కేంద్రం చేసిన సవరణతో పెళ్లి తేదీ మెలిక పోయింది. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చిందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఒకటేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పంపకాలు అయిపోయిన ఇళ్లను మాత్రం కదపలేదు. మీ ఇంట్లో అలాంటి పంపకం ఏదీ జరగలేదు. కాబట్టి పెద్దక్క వాటా పెద్దక్కదే.

ఇక నువ్వన్న రెండు సంతకాల సంగతి. అవి ఎలా పడతాయో నేను రోజూ చూస్తున్నాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను. పొద్దున్నే ఏ సత్తెనపల్లి నుంచో పొన్నూరు నుంచో ఆడపడుచు బస్సు దిగుతుంది. పెట్టెలోంచి తీసి కట్టుకున్న పట్టుచీర, చేతిలో పిల్లలకని కొన్న మిఠాయి పొట్లం. వదిన బొట్టు పెట్టి కొత్త చీర చేతిలో పెడుతుంది. "నాకు రావలసిన ప్రతిఫలం ముట్టినది, ఇకపై సదరు ఆస్తిపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కులూ లేవు" అని నేను రాసిన కాగితం ఆమె ముందుకు వస్తుంది. చదవదు. "ఎక్కడ పెట్టాలి అన్నయ్యా?" అని అడుగుతుంది, అంతే. అందుకే నేను ఆడవాళ్లు సంతకం పెట్టేముందు దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపిస్తాను. కొందరు అన్నదమ్ములకు అది నచ్చదు, తొందర పెడతారు. అయినా చదువుతాను. ఒకసారి ఒకావిడ అంతా విని, "పొలం పోతే పోనీండి, సంక్రాంతికి పుట్టింటి గడప తొక్కగలిగితే చాలు" అంది. అది ఇష్టపడి వదులుకోవడం అంటావా? అడిగితే పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో వదులుకోవడం. మనస్ఫూర్తిగా వదులుకునే అక్కచెల్లెళ్లూ ఉంటారు, లేరనను. ఆ మాట వాళ్ల నోటి నుంచి ముందు రావాలి, కాగితం ముందు రాకూడదు.

కట్నం ఇచ్చాం కదా అంటావేమో. ఆ రోజు పెద్దక్క కట్నం ఎవరి చేతికి పోయిందో మనిద్దరికీ తెలుసు. వాళ్ల మామగారి అప్పులకు జమ అయింది. ఆమె కళ్లతో కూడా చూడలేదు. 1961 నుంచి ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమైన దాన్ని వాటా కింద ఎలా కడతాం? అదీగాక నీ చదువుకు, హాస్టలుకు, నీ ఉద్యోగ ప్రయత్నాలకు నాన్నగారు పెట్టిన డబ్బు నీ వాటాలోంచి ఎవరైనా తగ్గించారా?

మా నాన్న రాసిన పాత దస్తావేజుల నకళ్లు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. అయిదుగురు అన్నదమ్ములు, ఎవరి వాటాకు ఏమొచ్చిందో చెప్పే అయిదు షెడ్యూళ్లు. గట్టు ఎవరిది, బావినీళ్లలో ఎవరి వంతు ఎంత, దొడ్డిలో తాటిచెట్లు ఎవరికెన్ని, గడ్డివామి ఎక్కడ వేసుకోవాలి, అన్నీ రాసి ఉంటాయి. తల్లికి మనోవర్తి కింద ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం. ఆడపిల్లల పేర్లు వెతికినా దొరకవు.

ఇప్పుడు నా బల్ల ముందు కూర్చునేవాళ్లు వేరు. ఇద్దరు ఆడపిల్లలతో చాలనుకున్న దంపతులు, ఒక కొడుకూ ఒక కూతురూ ఉన్నవాళ్లు. కూతుళ్లకే మొత్తం రాసేవాళ్లు ఎంతమందో. మన చిన్నప్పుడు బడి గోడ మీద ఎర్ర త్రికోణం, "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" గుర్తున్నాయి కదా. ఆ మాట ఊరూరా చెప్పారు, నర్సమ్మలు ఇంటింటికీ తిరిగారు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని నిబంధన కూడా పెట్టారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. కొడుకు లేని ఇళ్లు పెరిగాక కూతురికి ఆస్తి ఇవ్వడం దానంతటదే మామూలైపోయింది. వారసత్వ చట్టం ఒక్కటే అంత పని చేయలేకపోయింది.

ఇప్పుడు గాలి అటు నుంచి ఇటు తిరిగింది. పిల్లల్ని కనండి అంటున్నారు. 2024 నవంబరులో ఆ ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు. ఇదివరకు బడిపిల్లల తల్లులకిచ్చే అమ్మఒడి సాయం ఒక తల్లికి ఒక్క బిడ్డ మీదే ఇచ్చేవారు, 2025లో వచ్చిన తల్లికి వందనం చదువుకునే పిల్లలందరికీ వర్తిస్తోంది. ఆ మార్పు నాకు నచ్చింది, రెండో బిడ్డ చదువుకు మాత్రం ఖర్చు కాదా? ఎంతమందిని కనాలో ఇంటింటికీ వచ్చి చెప్పగలిగినవాళ్లు, ఆడపిల్లకు వాటా ఉందని మాత్రం ఒక్క గోడ మీద రాయించగా నేను చూడలేదు. రాయించి ఉంటే ఆ సత్తెనపల్లి ఆడపడుచు కాగితం చదివి ఉండేది.

చట్టం జనానికి ఎప్పుడు గుర్తొస్తుందో అమరావతి భూసమీకరణ అప్పుడు చూశాం. 2015లో ఆ ఊళ్లలో ఎకరం ధర ఎక్కడికో వెళ్లేసరికి ఎప్పుడో సంతకాలు పెట్టి వెళ్లిన అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు తిరిగొచ్చారు. నోటీసులు, కోర్టులు. ఒకే పంక్తిలో భోంచేసినవాళ్లు ఎదురుపడితే తల తిప్పుకుని పోయారు. మీ ఇంట్లో అది జరగకూడదు.

అమ్మ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫ్యామిలీ పింఛను వస్తోంది, ఆమెకు వాటా దేనికి అనుకోకండి. నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు చెబుతుంటారు, వృద్ధాప్య పింఛను 4,000 అయ్యాక ఒకటో తారీఖున ఇంట్లో తమ మాటకు విలువ వచ్చిందని. చేతిలో తనదంటూ ఒకటి ఉన్న ముసలితనం వేరు. ఆమె వాటా ఆమె పేరనే ఉంచండి. ఎప్పుడైనా తనంతట తాను మీకు రాసిస్తానంటే, జీవితాంతం చూసుకోవాలన్న షరతు అందులో నేను తప్పకుండా రాస్తాను. అలా రాసి ఉంటే, చూడని పిల్లల మీద 2007 తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. మీరు అలాంటివాళ్లని కాదు, ఎవరికి రాసినా నేను ఆ వాక్యం వదలను.

వచ్చేటప్పుడు నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పొలం పాస్‌పుస్తకం, స్థలం కొన్న నాటి అసలు దస్తావేజు తెచ్చుకో. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, అదే ఈసీ, నేను తీయించి పెడతాను. మీ నలుగురూ అమ్మా కలిసి కూర్చుని మాట్లాడుకున్నాక, మీరు ఏది చెబితే అది భాగ పరిష్కార దస్తావేజుగా రాస్తాను, నా ఫీజు అక్కర్లేదు. అంతకుముందు పెద్దక్కకు నువ్వే ఫోను చెయ్యి. అన్నయ్య చేత చేయించకు. ఆమె వాటా ఎంతో ముందు చెప్పు, ఆ తర్వాతే ఏం చేద్దామని అడుగు.

నీ స్నేహితుడు