పిల్ల క్లామ్‌కి లైటొక్కటే సరిపోదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో రీఫ్ ఆక్వేరియం (పగడాల దగ్గర బతికే జీవుల్ని పెంచే ఉప్పునీటి ట్యాంకు) పెట్టుకోవడం గురించి వేసిన వ్యాసం బాగుంది. ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ క్లామ్‌ల (ఆల్చిప్పల్లాంటి రెండు చిప్పల జీవుల) గురించి రాసిన ఒక్క వాక్యం మాత్రం జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. "వీటికి మేత అక్కర్లేదు, మంచి లైటుంటే చాలు, చిన్నవి కొంటే చవక, పెంచడం తేలిక" అన్నారు. జానెడు క్లామ్ విషయంలో ఈ మాట ముప్పాతిక నిజం. బొటనవేలంత పిల్ల విషయంలో పూర్తిగా తలకిందులు. శ్రీకాకుళం, విజయనగరాల్లో కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లు అది నమ్మి డబ్బు నీళ్లలో పోసుకోకూడదనే ఈ ఉత్తరం.

మన తీరంలో దొరికే ఆల్చిప్పలు నీటిని వడగట్టుకుని తింటాయి. రీఫ్ క్లామ్‌లు ఆ పనీ చేస్తాయి, దాంతోపాటు చిప్ప బయటికి పరిచే రంగురంగుల కండలో (దాన్నే మాంటిల్ అంటారు) కంటికి కనిపించని పాచిని కాపురం పెట్టుకుంటాయి. ఆ పాచి వెలుతురుతో చక్కెర తయారుచేసి ఇంటద్దె కింద క్లామ్‌కి ఇస్తుంది. పెద్ద క్లామ్‌కి ఆ అద్దెతో చాలావరకు గడిచిపోతుంది, పిల్లకి గడవదు. ట్రైడాక్నా గిగాస్ అనే జాతి మీద 1992లో అచ్చయిన పరిశోధన ప్రకారం, పిల్ల దశలో బతకడానికీ పెరగడానికీ కావాల్సిన కార్బన్‌లో దాదాపు 65 శాతం వడగట్టిన మేత నుంచే వస్తుంది. పెద్దయ్యాక అది 34 శాతానికి దిగుతుంది. మిగతా జాతుల్లో లెక్క ఇంతే ఉండదు గానీ, చిన్నదానికి మేత ముఖ్యమన్న మాట అన్నిటికీ పనికొస్తుంది. "హేచరీల్లో మేత వేయకుండానే పెంచుతారు కదా" అని కొందరంటారు. అక్కడ తొట్టెల్లో పారేది సముద్రపు నీరు, మేత అందులోనే ఉంటుంది. మనమేమో స్కిమ్మరూ ఫిల్టర్ సాక్సూ లాంటి శుద్ధి సామగ్రి పెట్టి నీటిని అద్దంలా తోమేసి, అందులో పిల్లని కూర్చోబెడతాం. రెండు మూడు నెలలు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయాక ఒక పొద్దున నోరు తెరుచుకుని ఉంటుంది.

రెండంగుళాలకు తక్కువున్న క్లామ్‌ని కొనకపోవడమే మంచిది. మూడంగుళాలది ధర ఎక్కువైనా చివరికి అదే చవక. ఇప్పటికే కొనేసినవాళ్లు మేత ఇలా పెట్టాలి. లీటరు పట్టే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని ట్యాంకు నీళ్లే నింపాలి. క్లామ్‌ని అది పట్టుకున్న రాయితో సహా అందులో దించాలి. వేడి మారకుండా డబ్బాని ట్యాంకులోనే తేలేట్టు పెట్టాలి. అందులో ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మమైన పాచి, క్లుప్తంగా ఫైటో) రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. డబ్బా వెనక ఈ పత్రిక పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలి. అరగంట నుంచి ముప్పావుగంట వదిలేస్తే నీళ్ల రంగు తేలిపోవడం కంటికే తెలుస్తుంది. క్లామ్ తెల్లటి జిగురు తీగలు వదులుతోందంటే మోతాదు ఎక్కువైందని అర్థం, తినలేక ఉమ్మేస్తోంది. మిగిలిన నీళ్లు పారబోసి, ఆ మేరకు కొత్త ఉప్పునీరు కలపాలి. మూడంగుళాలు దాటేదాకా రోజూ, కుదరకపోతే వారానికి నాలుగుసార్లయినా ఇది సాగాలి.

ఫైటో కోసం దూరం పోనక్కర్లేదు. భోగాపురం, పూసపాటిరేగ తీరంలోని రొయ్యపిల్లల హేచరీలు కీటోసెరాస్, థలాసియోసిరా అనే పాచిని రోజూ పెంచుకుంటాయి. రెండూ క్లామ్ వడగట్టుకోగల సైజే. కాకపోతే రొయ్యపిల్లలున్న తొట్టెలోంచి ముంచింది వద్దు, విడిగా పెంచిన పాచి సీసాలోంచే తెచ్చుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టి రోజుకోసారి కదపాలి. వాసన మారితే పారేయాలి. పాలపొడి, ఈస్ట్, గుడ్డుసొన లాంటి చిట్కాలతో క్లామ్ బలవదు గానీ నీళ్లు మాత్రం ఖాయంగా కుళ్లుతాయి.

నైట్రేట్ సున్నా ఉంటే గొప్ప అనుకునే అలవాటు కూడా క్లామ్‌కి చేటే. మాంటిల్‌లోని పాచికి కూడా ఎరువు కావాలి. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి. మాంటిల్ నడుమ నుంచి తెల్లబడుతోందంటే లైటు పెంచే ముందు ఈ రెండూ, తర్వాత నీళ్ల వేడీ చూడాలి.

ఇక నీళ్లు. మన జిల్లాల్లో ఎక్కువ క్లామ్‌లు ఇక్కడే పోతాయి. ఈమధ్య ఇళ్లలో పెడుతున్న ఆర్వో మిషన్లు చాలావాటికి కాపర్ క్యాట్రిడ్జ్ ఉంటోంది. రాగిబిందె నీళ్లు మనకి మంచివేమో గానీ, వెన్నెముక లేని ఏ సముద్ర జీవికైనా రాగి విషమే. ఆ క్యాట్రిడ్జ్‌కి ముందే, మెంబ్రేన్ దగ్గర నుంచే నీళ్లు పట్టుకోవాలి. రుచి కోసం బోరునీళ్లు కొంచెం కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటే పూర్తిగా మూసేయాలి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) మీటరులో 5 దాటకూడదు.

సముద్రం దగ్గరే కదా అని కళింగపట్నంలో క్యాన్లు నింపుకొచ్చేవాళ్లున్నారు. అది వంశధార కలిసే చోటు. వానాకాలంలో అక్కడి నీళ్లు సగం నదివే. నదీముఖానికి దూరంగా పట్టినా, ఆగస్టు మొదలు నవంబరు దాకా ఉత్తర బంగాళాఖాతం పైనీళ్లలో ఉప్పు బాగా తగ్గుతుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), అంటే సాంద్రత 1.026 దగ్గరికి రావాలి. లోటు ఉంటే ఆక్వేరియం ఉప్పుతోనే పూడ్చాలి. నౌపడ ఉప్పు కూరల్లోకి బంగారమే గానీ ట్యాంకుకి పనికిరాదు. ఉప్పు కల్లు కట్టే లోపే మడిలో కాల్షియం చాలావరకు జిప్సంగా పేరుకుంటుంది, మెగ్నీషియం ఉప్పు తీశాక మిగిలే చేదునీటితో పోతుంది. క్లామ్‌కి కావాల్సినవి ఆ రెండే.

చిప్ప కట్టడానికి కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర, ఆల్కలినిటీ (నీటి క్షారత, దాని కొలమానం డీకేహెచ్) 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఉండాలి. అంకె ఎంతన్నదాని కంటే అది ఊగకుండా నిలకడగా ఉండటం ముఖ్యం. వంద లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల వంటసోడా చాలు, దాన్ని ఆర్వో నీళ్లలో కరిగించి పోయాలి. బేకింగ్ పౌడర్ కాదు సుమా. ఒక రోజులో అంతకంటే పెంచొద్దు. రోజూ ఆవిరయ్యే నీటికి బదులు సున్నపు తేట వాడితే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ కలిసే అందుతాయి. లీటరు ఆర్వో నీటికి గ్రామున్నర కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మట్టు దిగాక పైతేట మాత్రమే తీసి రాత్రిపూట బొట్లుబొట్లుగా వేయాలి. గబుక్కున పోస్తే పీహెచ్ ఎగబాకి ట్యాంకంతా దెబ్బతింటుంది. తాంబూలం సున్నంలో ఏం కలుస్తుందో చెప్పలేం, వద్దు. మనవాళ్లు గుల్లలు కాల్చి సున్నం తీసేవారు, ఇక్కడ సున్నం పోసి గుల్ల కట్టిస్తున్నాం, అంతే తేడా.

నీళ్ల వేడి 26 డిగ్రీల దగ్గర ఉంచాలి, 28 దాటనివ్వొద్దు. మే నెలలో నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోసే రోజున అదీ తగ్గదు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషను తప్పదు. వడగాలి రోజుల్లో ఫ్యాను బాగా పనిచేస్తుంది గానీ, వంద లీటర్లలో మూడు లీటర్లు ఆవిరైతే ఉప్పు 35 నుంచి 36కి చేరుతుంది. ఆ లోటు ఎప్పటికప్పుడు ఉప్పు లేని ఆర్వో నీళ్లతో నింపాలి, ఉప్పునీళ్లతో కాదు.

క్లామ్ జాతుల్లో డెరాసా, స్క్వామోసా ఇసుక మీద ఉండగలవు. మాక్సిమా, క్రోసియాలకి రాయి కావాలి, లైటూ ఎక్కువ కావాలి. దేన్నైనా ముందు అరచేతిలో పట్టే చిన్న రాయి మీదే కూర్చోబెట్టాలి. నాలుగైదు రోజుల్లో అడుగునుంచి పీచులాంటి దారాలు వదిలి పట్టుకుంటుంది. ఆ దారాలను లాగి పెరికితే అవి పుట్టే గ్రంథి చిరుగుతుంది, తర్వాత క్లామ్ బతకడం కష్టం. తీయాల్సి వస్తే బ్లేడుతో రాయి వైపు కోయాలి. కొత్త లైటుకి అలవాటయ్యేందుకు సగం వెలుతురుతో మొదలెట్టి రెండు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. బాగున్న క్లామ్ మీద చెయ్యి నీడ పడితే చాలు, చటుక్కున ముడుచుకుంటుంది. చిప్ప అంచున తెల్లటి కొత్త గీత కనిపిస్తే పెరుగుతున్నట్టే.

కొత్తది తెచ్చిన రోజు రాత్రి లైట్లార్పాక టార్చి వేసి చూడండి. చిప్ప అంచున, అడుగు రంధ్రం చుట్టూ బియ్యపు గింజంత తెల్ల నత్తలుంటే అవి క్లామ్ రక్తం పీల్చేవి. మెత్తటి బ్రష్‌తో తోమి, జిగురుముద్దల్లా ఉండే గుడ్లతో సహా తీసేయాలి. నెలరోజులపాటు వారం వారం మళ్లీ చూడాలి.

తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరులో ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. రెండు రోజులు లైటు లేకపోతే క్లామ్‌కి ఏమీ కాదు, నీళ్లు కదలకపోతే మాత్రం ప్రాణవాయువు అందక చస్తుంది. ఇన్వర్టర్ మీద ఇరవై వాట్ల పంపు ఒక్కటే పెట్టుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ దాదాపు ఒక రోజు లాగుతుంది. ఆపైన బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు వాడాలి. దాని చివర బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ని క్లామ్ కింద పెడితే బుడగలు లోపల చిక్కుకుంటాయి, దూరంగా పెట్టాలి.

మీ వ్యాసంలో అసలే లేని విషయం చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ట్రైడాక్నా మాక్సిమా, స్క్వామోసా ఉన్నాయి, రీఫ్ కట్టే పగడాలూ ఉన్నాయి. లక్షద్వీప్ నుంచో అండమాన్ నుంచో తెచ్చామని ఎవరైనా క్లామ్ అమ్మజూపితే కొన్నవాళ్లూ కేసులో ఇరుక్కుంటారు. విదేశీ హేచరీలో పుట్టిన డెరాసా లాంటివైనా సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) కాగితాలతో రావాలి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. కాగితం చూపించలేని షాపులో ధర అడగడం కూడా దండగ.

ఇట్లు,
కొందరు ఉప్పునీటి ఆక్వేరియం పెంపకందార్లు,
శ్రీకాకుళం