నడిచేవాళ్ళకి తెల్లారుజామున గంటన్నర వదలండి

సంపాదకుడు గారికి నమస్కారమండి,

కరోనా కర్ఫ్యూ సడలింపు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకానే ఉంచాలా ఇంకా పెంచాలా అని అందరూ మాట్లాడుతున్నారు, మీ పేపర్లో కూడా రోజూ అదే వస్తోంది, పొద్దున్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ 2021 మే 5 నుంచి రాష్ట్రమంతా ఉదయం 6 అయితే గానీ గుమ్మం దాటకూడదు కదండీ. మా విశాఖపట్నంలో ఈ రోజుల్లో 5:20కల్లా సూర్యుడు వచ్చేస్తాడు. 6కి బయటికొస్తే అప్పటికే ఎండ మొహం మీద కొడుతుంటుంది, 7 అయ్యేసరికి ఉక్కపోతకి మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుపోతుంది, ఇంక నడక ఏం నడుస్తాం. పైగా ఆ 6 గంటలకే పాలవాళ్ళు, కూరలకి వెళ్ళేవాళ్ళు, మందుల షాపుకి వెళ్ళేవాళ్ళు, బ్యాంకు పనులున్నవాళ్ళు అందరూ ఒక్కసారి రోడ్డెక్కుతారు. మనుషులకి దూరంగా ఉండమంటున్న రోజుల్లో నడిచేవాళ్ళని కూడా ఆ గుంపులోకే పంపిస్తున్నట్టయింది.

మేము మాధవధారలో ఉంటాం. నేనూ మా వదినా ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళం. ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతా జిల్లాల పాఠకుల కోసం చెప్తాను, కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా అంటాం, దాని దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకొచ్చి, అప్పూఘర్ దగ్గర చాలామంది స్నానాలు చేసి, మళ్ళీ ఊళ్ళోకి తిరిగి సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా సింహాచలం చేరతారు, మొత్తం 32 కిలోమీటర్లు. లక్షల్లో వస్తారు, శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాదు ఒడిశా నుంచి కూడా. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు ఎవరో ఒకరు చేతికిస్తూనే ఉంటారు. చెప్పులేసుకోకుండా నడిచేవాళ్ళే ఎక్కువ.

ఇదేమీ పొద్దున్నే లేచి అనుకుని సాయంత్రానికి చేసేసే పని కాదండి. యాభై దాటినవాళ్ళు నెలల ముందు నుంచీ కాళ్ళకి అలవాటు చేసుకోవాలి, వారం వారం దూరం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి, మధ్యలో ఒకరోజు ఆగి మోకాళ్ళకి రెస్ట్ ఇవ్వాలి. చెప్పుల్లేకుండా నడవాలంటే అరికాలు గట్టిపడాలి, దానికి టైము పడుతుంది, తొందరపడితే బొబ్బలొచ్చి వారం రోజులు మంచం మీదే. మజ్జిగలో ఉప్పేసుకుని ఎంత తాగాలి, ఎక్కడ ఆగాలి, తడిసిన చీరతో నడిస్తే తొడలు ఎక్కడ ఒరుసుకుంటాయి, ఇవన్నీ నడిస్తేనే తెలుస్తాయి, ఎవరో చెప్తే వచ్చేవి కావు.

మా వదినకి ఇది మొక్కు కూడా. వాళ్ళది గోపాలపట్నం. 2020 మే 7న పక్కనే ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు గ్యాస్ లీకైనప్పుడు ఇంకా తెల్లారకుండానే పిల్లల్ని తీసుకుని ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చేశారు. ఆ పరుగులోనే మొక్కుకుందిట, పిల్లలు క్షేమంగా ఉంటే సింహాద్రి అప్పన్నా నీ కొండ చుట్టూ చెప్పుల్లేకుండా తిరుగుతానని. పిల్లలు బాగానే ఉన్నారు. కానీ ఆ ఏడు కరోనా వల్ల గిరి ప్రదక్షిణ జరగలేదు, స్వామి చందనోత్సవం పండగ అయితే ఈ రెండేళ్ళూ భక్తులు లేకుండానే అయిపోయింది. ఈ ఏడు ప్రదక్షిణ జులై 23న పడుతుంది. జరిగినా జరగకపోయినా కాళ్ళు సిద్ధంగా ఉంచుకుంటానంటుంది మా వదిన, నాదీ అదే మాట.

మరి ఎక్కడ నడుస్తున్నామయ్యా అంటే మేడ మీద. అపార్ట్‌మెంట్ మేడ అంటే తెలుసు కదా, ఒక పక్క వాటర్ ట్యాంకులు, ఒక పక్క ఆరేసిన బట్టలు, కాళ్ళకి అడ్డంగా కేబుల్ వైర్లు. ఒకటే వైపు తిరుగుతుంటే మలుపు దగ్గర బరువంతా ఒక మోకాలి మీదే పడి నొప్పి మొదలవుతుంది, అందుకని కాసేపు ఇటు కాసేపు అటు తిరుగుతాం. పొద్దున్న 7 దాటితే సిమెంటు కాలిపోతుంది. మా బిల్డింగ్‌లో రెండు ఫ్లాట్లలో పాజిటివ్ వచ్చాక వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ టైముకి మేడెక్కాలో రాసుకున్నాం, ఒక్కొక్కళ్ళకి అరగంట. అందరూ పాటిస్తున్నారు, ఎవరినీ తప్పు పట్టట్లేదు. కానీ అరగంట మేడ మీద గుండ్రంగా తిరిగి 32 కిలోమీటర్లకి ఎవరైనా తయారవగలరా? హనుమంతవాక వైపు ఎత్తెక్కడం మేడ మీద ఎలా వస్తుంది? మెట్లు ఎక్కి దిగితే పిక్కలకి మంచిదే గానీ దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

మొన్నొక రోజు ఉండబట్టలేక 5 దాటాక మా వీధి చివరి దాకా వెళ్ళాను. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ బాబు, అమ్మా ఇంకా 6 అవలేదు, ఇంటికెళ్ళండమ్మా, పైవాళ్ళు చూస్తే నన్నంటారు అన్నాడు. రాత్రంతా నిలబడి ఉన్నాడు పాపం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం మర్యాదగానే అన్నాడు, నేను వెనక్కి వచ్చేశాను. ఆయన చేసింది రూలు ప్రకారమే. నేను అడిగేది ఆ రూలు రాసేవాళ్ళని.

ఇది ఒక్క మా మొక్కు కోసమే అనుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళకి నడక మందుతో సమానం అని డాక్టర్లే చెప్తారు, నెల నుంచి ఇంట్లో కూర్చుని షుగర్ పెరిగినవాళ్ళు మా చుట్టుపక్కలే ఎంతమందో. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళ సంగతి ఇంకా చూడాలి. మా ఆయనకి ఏప్రిల్లో వచ్చి తగ్గింది, హోం ఐసోలేషన్‌లో ఉన్నప్పుడు వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని గదిలోనే ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూసుకోమనేవారు, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే చెప్పమనేవారు. ఆ ఆరు నిమిషాలు నడవడానికి ఆయన గోడ పట్టుకునేవారు. ఇప్పుడు కొంచెం కొంచెం పెంచుకోమన్నారు డాక్టరు గారు, చల్లటి పూట, జనం లేని చోట. ఆ చల్లటి పూట అంతా కర్ఫ్యూలోనే పోతోంది, ఆయన ఇంక ఎక్కడ నడుస్తారు చెప్పండి. బయట గాలి ఆడే చోట ఒక్కళ్ళే నడిస్తే వైరస్ అంటుకునే అవకాశం మూసిన గదుల్లో కంటే చాలా తక్కువని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు కదా.

కాబట్టి నేను అడిగేది ఇదండి. తెల్లారుజామున 4:30 నుంచి 6 దాకా నడిచేవాళ్ళకి మాత్రం అనుమతి ఇవ్వండి. బండ్లు వద్దు, షాపులు తెరవొద్దు, మాస్కు ఉండాల్సిందే, ఒక్కళ్ళో ఇంట్లోవాళ్ళు ఇద్దరో తప్ప గుంపుగా వద్దు, ఎవరి పేటలో వాళ్ళే, బీచ్‌కి వెళ్ళకూడదు. వెళ్తే అందరూ అక్కడికే చేరతారు, అది నాకూ తెలుసు. పేటల్లో ఉన్న పార్కులు, స్కూలు గ్రౌండ్లు ఆ గంటన్నర తెరిస్తే ఇంకా మంచిది. పోయిన ఏడు లాక్‌డౌన్‌లో జనం ఒకరి మీద ఒకరు పడకూడదని రైతుబజార్లనే గ్రౌండ్లలోకి మార్చారు కదా, అప్పుడు అంత పని చేయగలిగినవాళ్ళు ఇప్పుడు గేటు తాళం తీయలేరా? పగలు ఎలాగూ 144 సెక్షన్ ఉంది, ఐదుగురు కలిస్తే పంపించేస్తున్నారు, అదే ఆ టైములో కూడా పెట్టండి, ఎవరూ కాదనరు.

ఇంకొక్క మాట. గిరి ప్రదక్షిణ ఈసారి ఉండకపోతే ఉండకపోనీండి, కరోనాతో ఇంతమంది చనిపోయిన ఈ ఏడాదిలో లక్షల మంది ఒకేచోట చేరాలని ఏ భక్తుడూ అడగడు, అప్పన్న ఎక్కడికీ పోడు. కానీ చెప్పేదేదో జులై మొదట్లోనే చెప్పమని దేవస్థానం వాళ్ళకి మీ పేపర్ ద్వారా నా మనవి. ఒడిశా నుంచి వచ్చేవాళ్ళు టికెట్లు తీసుకోవాలి, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు కూలి పని మానుకుని రావాలి, మాలాంటివాళ్ళు ఎంత దూరం దాకా పెంచుకోవాలో ముందే అనుకోవాలి. చివరి రోజుల్లో చెప్తే తెలియనివాళ్ళు తొలిపావంచా దాకా వచ్చేస్తారు, వాళ్ళని వెనక్కి పంపించే పని మళ్ళీ ఆ కానిస్టేబుళ్ళ మీదే పడుతుంది.

కలెక్టరు గారు కావాలంటే ముందు ఒక్క విశాఖలోనే, అదీ రెండు వారాలే పెట్టి చూడమనండి. జనం గుంపులు కడుతున్నట్టు కనిపిస్తే ఆపేయండి. ఈ ఉత్తరం ఈ నెల్లో వేస్తే బాగుంటుందండి, జులై వచ్చాక వేస్తే నడవడానికి రోజులు మిగలవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మాధవధార, విశాఖపట్నం
జూన్ 2021