డేటోనా ఫలితం ఆ రోజే తేలలేదు

ఎడిటర్ గారికి,

ఆటల పేజీలో అమెరికాలో జరిగే కార్ల పందెం డేటోనా 500 గురించి వేసిన వార్తలో మూడు పొరపాట్లు దొర్లాయి. 500 అంటే కిలోమీటర్లు కాదు, మైళ్లు. రెండున్నర మైళ్ల ట్రాక్ మీద 200 చుట్లు. అనంతపురం నుంచి హైదరాబాద్ పోయొచ్చినా ఇంకా మిగులుతుంది.

1959 ఫిబ్రవరి 22న జరిగిన మొదటి పందెం ఫలితం ఆ రోజే తేలిందనడమూ తప్పే. డ్రైవర్లు లీ పెటీ, జానీ బోచాంప్ పక్కపక్కనే గీత దాటారు. చుట్ల లెక్కలో వెనకబడిన జో వెదర్లీ కారు కూడా వాళ్లను ఆనుకునే ఉండటంతో ఎవరు ముందో తెలియలేదు. మొదట బోచాంప్ అన్నారు. ఫొటోలు, న్యూస్‌రీలు (వార్తల కోసం తీసిన ఫిల్ము) చూసి 61 గంటల తర్వాత గెలుపు పెటీకి ఇచ్చారు.

మూడోది మా మెకానిక్‌ల సంగతి. వేగం తగ్గించడానికి కార్లకు చిన్న ఇంజన్లు పెట్టారని రాశారు, అలా పెట్టలేదు. 1987లో డేటోనా లాంటిదే అయిన టల్లడేగా ట్రాక్ మీద డ్రైవర్ బాబీ అలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. అందుకని 1988 నుంచి రెండు చోట్లా కార్బురేటర్‌కీ (గాలి, పెట్రోలు కలిపే భాగం) మానిఫోల్డ్‌కీ (దాన్ని ఇంజన్‌లోకి పంపే గొట్టాలు) మధ్య నాలుగు బెజ్జాల పల్చటి రేకు బిగించారు. ఇంజన్ అదే, లోపలికి పోయే గాలే తక్కువ. గాలి తగ్గితే పెట్రోలు తగ్గుతుంది, పవర్ పడిపోతుంది. కానీ అన్ని కార్లూ ఒకే వేగానికి వచ్చి గుంపుగా పోతాయి. ఒకటి జారితే వెనకున్నవన్నీ దానిమీదే. 2019 పందెం దాకా ఆ రేకే నడిచింది.

– కొందరు మోటారు మెకానిక్‌లు, అనంతపురం